మైకులో చేసిన ప్రార్థన

ఇష్టం లేని మనిషిని ప్రేమించడం కుదురుతుందా? తోటి విశ్వాసిని ప్రేమించమన్నది ఆజ్ఞ. ఆజ్ఞ అంటే చేసి తీరవలసిన పని. ఇష్టం ఉన్నచోట ఆజ్ఞతో పనేముంది? ఇష్టం లేనిచోట ఆజ్ఞకు లోబడి పుట్టుకొచ్చేది ప్రేమేనా, ఒట్టి మర్యాదా? ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ చిక్కుముడి వీడలేదు. ఇక వీడుతుందన్న ఆశ కూడా లేదు. దాన్ని అలా పక్కన పెట్టి, కంచరపాలెం రేకుల మందిరానికి వచ్చే సూర్యకాంతమ్మ సంగతి చెప్పుకోవడమే మేలు.

సూర్యకాంతమ్మ జాలరిపేట మనిషి. పుట్టిందీ మెట్టిందీ సముద్రం ఒడ్డునే. మొగుడు అప్పలరాజు ఇప్పటికీ వేటకు వెళతాడు. అతను తెచ్చిన చేపల్ని ఆమె గంపకెత్తుకుని కంచరపాలెం వీధుల్లో తిరిగి అమ్ముతుంది. అలల హోరు మీద కేకేసి మాట్లాడుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు గొంతు తగ్గించడం రాదు. ఆమె వీధి మొదట్లో నోరు తెరిస్తే వీధి చివర పిల్లులు ఒళ్ళు విరుచుకుని లేచి కూర్చునేవి.

రేకుల మందిరం పాస్టరు శ్రీరామ్మూర్తి గారి తల్లి బతికున్న రోజుల్లో సూర్యకాంతమ్మకు మంచి బేరం. ఆ ముసలావిడ ఇంటి మెట్ల మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తూ, లోపల ఆవిడ పాడుకునే పాటలు వింటూ, ముందు పాట నేర్చుకుంది, తరవాత ప్రార్థన నేర్చుకుంది, ఆఖరికి బాప్తిస్మం తీసుకుంది. పేరు మార్చుకుంటావా అని పాస్టరు గారు అడిగితే, "అయ్యగారూ, తవరు శ్రీరామ్మూర్తిగా ఉంటే గుర్తుపట్టినోడు నన్ను సూర్యకాంతంగా ఉంటే గుర్తుపట్టడేటి?" అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అప్పలరాజు అడ్డు చెప్పలేదు, అలాగని వెంట రానూ లేదు. తన గంగమ్మ తల్లి తనకు ఉంది. పెళ్ళాం తెల్లవారుజామున మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలెడితే దుప్పటి ముసుగు తన్నేవాడు. "నీ దేవుడికి సెవుడేటే?" అని మాత్రం అప్పుడప్పుడు అనేవాడు. పేటలో ఆమె ఒక్కతే విశ్వాసి. అందుకని రేకుల మందిరంలో చాప మీద పక్కపక్కన కూర్చునే ఆడవాళ్ళే ఆమెకు అక్కచెల్లెళ్ళు. ఒకరింట్లో జ్వరమొస్తే ఇంకొకరు గంజి కాచేవారు. ఆమె కూతురు పురుడప్పుడు మొదట వచ్చి నిలబడ్డది వాళ్ళే.

ఆ అక్కచెల్లెళ్ళలో ఒక్క మనిషి అంటే మాత్రం సూర్యకాంతమ్మకు గిట్టేది కాదు. ఆవిడ వెంకటరమణమ్మ.

వెంకటరమణమ్మ వాళ్ళది కోనసీమ. ఆవిడ భర్త గవర్రాజు గారు పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఆయనకు ఏ గుడీ, ఏ మందిరమూ పట్టవు. ఆవిడ మాత్రం క్రమం తప్పని విశ్వాసి. ఇస్త్రీ చీర, నున్నగా దువ్విన తల, పాటలో ఒక్క అక్షరం పొల్లుపోని గొంతు. సూర్యకాంతమ్మ పాటలో "చ" ఉన్నచోట "స" పలికితే చాలు, తల కొంచెం వెనక్కి తిరిగేది. ఆరాధన తరవాత అందరూ కలిసి తినే ప్రేమవిందులో వరసగా కూర్చున్నప్పుడు తన చాప రవ్వంత అవతలికి జరుపుకునేది. ఎందుకు జరుపుకుంటుందో సూర్యకాంతమ్మకు తెలుసు. ఎంత రుద్ది స్నానం చేసినా చేపల వాసన గోళ్ళలో ఉండిపోతుంది.

మనసుకు ఎక్కని మనిషి కోసం రోజూ పేరు పెట్టి ప్రార్థన చెయ్యమని పాస్టరు గారు ఒకసారి చెప్పారు. ఆమె అక్షరాలా అలాగే చేసింది, ఏళ్ళ తరబడి. ఇష్టం మాత్రం పుట్టలేదు. "ఆవిడ పేరు సెప్పి ప్రార్థన సేత్తే గాని ఆవిడ మొకం సూడబుద్ధి కాదు" అని మొగుడితో అనేది.

అలాంటి వెంకటరమణమ్మ తన గుట్టు విప్పింది సూర్యకాంతమ్మ దగ్గరే. ఒకనాడు చేపలు తీసుకోవడానికి అటక మీది గిన్నె అందుకోబోయి, చెయ్యి సగంలో ఆపి, పళ్ళు బిగపట్టింది. గుమ్మంలో గంప దించుకున్న సూర్యకాంతమ్మ కళ్ళు అది పట్టేశాయి. ఏమైందని అడిగింది. ముందు ఏం లేదంది. తరవాత మెట్టు మీదే కూలబడి, రొమ్ములో గడ్డ తగులుతోందనీ, డాక్టరమ్మ చూసి తీసి పరీక్షకు పంపాలందనీ చెప్పింది. ఇంట్లో ఆయనకు చెప్పలేదట. విజయవాడలో ఉన్న కూతురు కీర్తనకు ఏడో నెల, ఆయన చెవిన పడితే అది దాని చెవికి పోకుండా ఆగదు. కాన్పయ్యేదాకా ఎవరికీ తెలియకూడదని ఒట్టేయించుకోబోయి, విశ్వాసులు ఒట్టెయ్యకూడదు గనుక ఆగింది.

"ఎవరికీ చెప్పకు సూర్యకాంతం. నువ్వు మాత్రం ప్రార్థన చెయ్యి" అంది.

ఎవరికీ చెప్పకూడదు, ప్రార్థన చెయ్యాలి. సూర్యకాంతమ్మ ఈ రెండు మాటల్నీ నమ్మకంగా మోసుకుని పోయింది. పొరపాటు అక్కడే జరిగింది. దేవుడికి చెప్పడం ఎవరికో చెప్పడం కాదని ఆమె లెక్క.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన. బయట జోరువాన. రేకుల మీద చప్పుడుకు పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినపడటం లేదు. అందుకని పాస్టరు గారు మైకు ఆన్ చేసి, ఒకరి తరవాత ఒకరికి అందిస్తూ వచ్చారు. గేటు మీది లౌడు స్పీకరు సంగతి ఆయనకూ గుర్తు లేదు. ఆ రోజు వెంకటరమణమ్మ రాలేదు. మైకు చేతికొచ్చేసరికి సూర్యకాంతమ్మ కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళు మూసుకుంటే ఆమెకు ఎదురుగా దేవుడు తప్ప ఇంకెవరూ ఉండరు.

"తండ్రీ, మా రమణమ్మ గారి రొమ్ములో గడ్డ లేసినాది. ఆ మనిసి ఒక్కతే ఏడస్తన్నాది. కోతకి బయపడతన్నాది. నీ సెయ్యి పెట్టు తండ్రీ."

ఇంకా చాలా చెప్పింది. ఆ గొంతుకు మైకే అక్కర్లేదు. వీధి మలుపులో టీ బడ్డీ కింద వానకు నిలబడి టీ తాగుతున్న గవర్రాజు గారు, తన పెళ్ళానికి జబ్బన్న సంగతి ఆ స్పీకరులోంచి విన్నాడు. ఆయన పక్కన నిలబడ్డ ఆటోవాళ్ళూ, పాల కుర్రాడూ, ఎదురింటి రిటైర్డు గుమాస్తా కూడా విన్నారు. ఆయన గ్లాసు కింద పెట్టి, గొడుగు మడతపెట్టే ఉంచి, తడుస్తూ ఇంటికి నడిచాడు.

సాయంత్రానికి వీధి వీధంతా వెంకటరమణమ్మ రొమ్ము గురించి మాట్లాడుకుంది. ఏ ఆడమనిషికైనా అంతకంటే అవమానం ఏముంటుంది?

మర్నాడు సంగతి సూర్యకాంతమ్మకు తెలిసింది. గంప ఎత్తుకోలేదు. స్నానం చేసి, ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టుకుని, ఒట్టి చేతులతో కంచరపాలెం వెళ్ళి వెంకటరమణమ్మ ఇంటి గ్రిల్లు తలుపు ముందు నిలబడింది. క్షమించమని ఎలా అడగాలో దారంతా కూడబలుక్కుంది. లోపలినుంచి వెంకటరమణమ్మ వచ్చింది, గ్రిల్లు తియ్యలేదు. ఆమె తెల్లచీరనూ, ఖాళీ చేతుల్నీ తేరిపార చూసింది.

"ఇవాళ చేపలు వద్దు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట గుచ్చుకున్నట్టు మరే మాటా గుచ్చుకునేది కాదు. ఇన్నేళ్ళు ఒకే చాప మీద కూర్చున్న మనిషిని ఆవిడ ఒక్క ముక్కతో వీధిలోకి దించేసింది. సూర్యకాంతమ్మ తిరిగివచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. అప్పలరాజు కూడా ఆ రోజు వేళాకోళం ఆడలేదు.

సంఘంలో ఆడవాళ్ళు సూర్యకాంతమ్మ పక్షం చేరారు. ప్రార్థన చెయ్యడం కూడా తప్పేనా, ఆవిడకు మొదటినుంచీ టెక్కు ఎక్కువే అని ఒకరన్నారు. సూర్యకాంతమ్మ ఆ మాట సాగనివ్వలేదు. "నా నోటితో ఒకసారి రచ్చకెక్కినాది సాలు. మీ నోళ్ళతో మళ్ళీ ఎక్కించకండి" అంది. వాళ్ళు చిన్నబుచ్చుకున్నారు గాని ఆ తరవాత ఆమె ఎదుట ఆ పేరెత్తలేదు.

నెలకోసారి వచ్చే బల్ల ఆదివారం వచ్చింది. రొట్టె విరిచి పంచుతారు, ద్రాక్షరసం గిన్నె చేతినుంచి చేతికి వస్తుంది. మనసులో ఎవరిమీదనైనా పగ ఉన్నా, ఎవరికైనా తనమీద నొప్పి ఉన్నా ముందు సర్దుకుని ఆ తరవాతే ఆ గిన్నె పట్టుకోవాలన్నది వాళ్ళ పట్టింపు. సూర్యకాంతమ్మకు ఆ గిన్నె అంటే ప్రాణం. తుపానుకు రోడ్డు మీద చెట్లు పడిన రోజున కూడా నడిచివచ్చి తీసుకుంది. ఆ రోజు మాత్రం గిన్నె తన దగ్గరికి వచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. గిన్నె ఆమెను దాటి అవతలికి పోయింది. వెంకటరమణమ్మ అసలు మందిరానికే రాలేదు.

పాస్టరు గారు ఇద్దరి మధ్యా తిరిగారు. వెంకటరమణమ్మ ఆయనకు మంచినీళ్ళిచ్చి, ఎప్పుడో క్షమించాననీ, సూర్యకాంతం తమ గుమ్మం తొక్కకుండా ఉంటే అదే చాలనీ చెప్పింది. ఆయన వచ్చి, ఆవిడ క్షమించింది గనుక వచ్చే నెల బల్ల తీసుకోవచ్చన్నారు. సూర్యకాంతమ్మ ఒప్పుకోలేదు. "సెమించినాదని మీరు సెప్తన్నారు అయ్యగారూ. ఆవిడ మొకం సెప్తే నాను తీసుకుంతాను" అంది. ఆ నెలా గిన్నె దాటిపోయింది. బల్ల తీసుకోకుండా ఉండటం ఎన్నాళ్ళో ఆమెకు తెలియదు. ఆవిడ కోత బల్ల మీదినుంచి లేవకపోతే ఇక ఎన్నటికీ సర్దుకోవడానికి ఉండదన్న భయం ఒకటి లోపల తొలిచేసేది.

ఆ భయంతోనే గంప దించుకుని ఒక ఇంటి ముందు కూర్చుని ఉండగా గవర్రాజు గారు వెతుక్కుంటూ వచ్చాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది. తిట్టడానికే వచ్చాడనుకుని ఆమె లేచి నిలబడింది.

ఆయన తిట్టలేదు. ఇన్నాళ్ళకు మంచం దొరికి పెద్దాసుపత్రిలో చేర్పించామనీ, ఎల్లుండి ఆపరేషననీ, అది ఆడవాళ్ళ వార్డు గనుక రాత్రిళ్ళు తనను ఉండనివ్వరనీ, తోడు ఒక ఆడమనిషి కావాలనీ చెప్పాడు. కూతురు కదల్లేదు. పాస్టరు గారు పాస్టరమ్మ గారిని పంపుతానంటే పెళ్ళాం వద్దంది, సంఘంలో ఎవరి మొహం చూడాలన్నా సిగ్గుగా ఉందంది.

"నన్ను సూత్తే మరీను" అంది సూర్యకాంతమ్మ.

"అది నిజమేనండి. నిన్ను పిలుత్తున్నానని దానికి చెప్పలేదు. చెపితే ఒప్పుకోదు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు మైకులో చెప్పబట్టి నాకు తెలిసింది చెల్లెమ్మా. లేకపోతే అది ముదిరేదాకా కడుపులో పెట్టుకునే మనిషి. దానికి నీ మీద కోపం. నాకు మాత్రం లేదండి."

సూర్యకాంతమ్మ మిగిలిన చేపల్ని ఆ ఇంటివాళ్ళకే వదిలేసి ఇంటికి పోయింది. నిమ్మచెక్కతో చేతులు తోముకుంది. తెల్లచీర కట్టుకుంది. కొన్నాళ్ళు నీ వంట నువ్వే చూసుకోమని అప్పలరాజుకు చెప్పింది. "నీ మొకం సూడనన్న మనిసి దగ్గరికేటి?" అన్నాడతను. "మొకం సూడకపోతే ఏటి, సేతులు పనికొత్తాయి గదా" అని సంచీ పట్టుకుని బయల్దేరింది.

వార్డులో ఆమెను చూసి వెంకటరమణమ్మ గోడవైపు తిరిగిపోయింది. ఎవరు రమ్మన్నారని మాత్రం అడిగింది. అన్నయ్య గారు రమ్మన్నారని జవాబొచ్చింది. సూర్యకాంతమ్మ మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకుంది. వేళకు మందు అందించింది, తల దువ్వి జడేసింది, వేణ్ణీళ్ళు పట్టుకొచ్చి ఒళ్ళు తుడిచింది, బాత్రూముకు నడిపించుకెళ్ళి తలుపు బయట నిలబడింది. ఏం కావాలన్నా వెంకటరమణమ్మ గోడతోనే చెప్పేది.

పక్క మంచం మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఉంది. తెల్లచీరను చూసి వీళ్ళు విశ్వాసులని పోల్చుకుని, ఆ సాయంత్రం చేతులు జోడించి, తన కోసం నాలుగు మాటలు ప్రార్థన చెయ్యమని సూర్యకాంతమ్మను అడిగింది. వార్డులో ఇంకో ఇద్దరు తలలు తిప్పారు. సూర్యకాంతమ్మ నోరు తెరిచి, మంచం మీద ఉన్న వీపు వైపు చూసి, మళ్ళీ మూసుకుంది.

"మనసులో సేత్తానమ్మా" అంది.

పెద్దావిడ అంతకంటే ఎక్కువ ఆశించినట్టుంది. నిట్టూర్చి పడుకుంది. సూర్యకాంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది, పెదవులు కూడా కదపలేదు. నోరు మూసుకుని ప్రార్థన చెయ్యడం ఆమెకు ఊపిరి బిగపట్టి నీళ్ళలో మునిగినంత కష్టం. వెంకటరమణమ్మ ఎప్పుడు ఇటు తిరిగిందో ఆమె గమనించలేదు.

ఆపరేషన్ రోజున పచ్చ గౌను తొడిగి, స్ట్రెచరు మీదికి ఎక్కించారు. గవర్రాజు గారు ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల నడుస్తున్నాడు. థియేటరు తలుపు దగ్గర ఆపి, లోపలినుంచి పిలిచేదాకా ఉండమన్నారు. వెంకటరమణమ్మ చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చి గాల్లో తడుముకుంది. భర్త అందుకోబోయాడు.

"మీరు కాదు. సూర్యకాంతం" అంది.

సూర్యకాంతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"పైకి చెయ్యి ప్రార్థన."

సూర్యకాంతమ్మ నోరు తెరిచింది. అలల మీద కేకేసే గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు. తండ్రీ అని మాత్రం వచ్చింది, అదీ గాలికి కొట్టుకుపోయినంత సన్నగా. ఆ తరవాత ఏం చెప్పిందో ఆమెకే స్పష్టంగా లేదు.

"వినపడలేదు" అంది వెంకటరమణమ్మ కళ్ళు మూసుకునే. "మైకు తెప్పించమంటావా?"

గవర్రాజు గారికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక గోడకు ఆనుకుని, చేతిలో చెప్పులతోనే మొహం కప్పుకున్నాడు. స్ట్రెచరును లోపలికి తోసుకుపోయారు.

కుట్ల దగ్గర పెట్టిన గొట్టం తీసేదాకా వార్డులోనే ఉండాలన్నారు. ఈసారి మంచం మీద మనిషి గోడవైపు తిరగలేదు. మాటలు మాత్రం తియ్యగా మారిపోలేదు. జడ వదులుగా వేశావనీ, గంజిలో ఉప్పెక్కువనీ, పాట పాడేటప్పుడు "చ" పలకమనీ సాధించేది. సూర్యకాంతమ్మ కూడా ఊరుకోలేదు. మీ కోనసీమలో పాట పాడినా కొబ్బరికాయ కొట్టినట్టే కటువుగా ఉంటుందని అంటించింది. ఈ మధ్యలోనే విజయవాడ నుంచి ఫోనొచ్చింది, కీర్తనకు ఆడపిల్ల పుట్టింది. వెంకటరమణమ్మ ఆ వార్త వార్డుకంతటికీ తనే చాటింది.

రిపోర్టు వచ్చిన రోజున డాక్టరమ్మ మంచం దగ్గరికే వచ్చి, అది చెడ్డ గడ్డ కాదనీ, మళ్ళీ పెరగకుండా చూసుకుంటే చాలనీ చెప్పి, పక్క మంచం దగ్గరికి నడిచింది. గవర్రాజు గారు వరండాలోకి వెళ్ళి గచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చుండిపోయాడు. దారిన పోయే నర్సు ఎవరో పోయారేమోనని కంగారుపడి అడిగితే, ఎవరూ పోలేదండి, ఎవరూ పోలేదండి అని రెండుసార్లు చెప్పాడు.

లోపల వెంకటరమణమ్మ ఫ్యాను కేసి చూస్తూనే నోరు విప్పింది.

"సూర్యకాంతం, నీతో అబద్ధం ఆడలేను. నువ్వంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు" అంది. "ఆ గొంతు, ఆ వాసన, ఆ చొరవ."

"నాకూ అంతే అక్కా. ఆ సూపు, ఆ టెక్కు" అంది సూర్యకాంతమ్మ, దుప్పటి మడతపెడుతూ.

"మరి ఎందుకొచ్చావు?"

సూర్యకాంతమ్మ మడత మధ్యలో ఆపింది. "రాకుండా ఉండనేకపోయినాను."

వెంకటరమణమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఒక చేత్తో ఛాతీ అదుముకుని, రెండో చేత్తో సూర్యకాంతమ్మ మణికట్టు పట్టుకుని, నవ్వించవద్దంటూనే నవ్వింది. గ్రిల్లు దగ్గరికి కూడబలుక్కుని వెళ్ళిన క్షమాపణ సూర్యకాంతమ్మ ఇప్పుడు అడగబోయింది. ఆవిడ అడగనివ్వలేదు. "ఆదివారం బల్ల. నా పక్కన కూర్చో" అంది అంతే. ఈసారి మొహం కూడా ఆ మాటే చెప్పింది.

ఆ ఆదివారం మందిరంలో వెంకటరమణమ్మను చూసి అందరూ లేచారు. ఆవిడ నెమ్మదిగా నడిచివచ్చి సూర్యకాంతమ్మ పక్కన చాప మీద కూర్చుంది. జరిగి కూర్చోలేదు. గిన్నె వరసలో వస్తూ వస్తూ ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ తాగి, అంచు తుడిచి, పక్కకు అందించింది. సూర్యకాంతమ్మ రెండు చేతులా పుచ్చుకుంది. ద్రాక్షరసం గొంతు దిగుతుంటే, ఇన్ని నెలలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఒళ్ళు తేలికపడింది. చాలా రోజుల తరవాత ఆకలి వేసింది.

ఆరాధన అయ్యాక వెనక వరండాలో ప్రేమవిందు. అన్నం గుండిగలు దించారు. ఆడవాళ్ళంతా వెంకటరమణమ్మ చుట్టూ మూగి మనవరాలి ఫోటో చూస్తున్నారు. ముక్కు ఎవరిదని ఒకరు, రంగు ఎవరిదని ఇంకొకరు. గవర్రాజు గారు, ఏ మందిరమూ పట్టని మనిషి, ఆ రోజు వచ్చి పప్పు వడ్డిస్తున్నాడు. సూర్యకాంతమ్మ ఓ మూల కూర్చుని గబగబా తింది, ఆకు తనే మడిచి పారేసింది, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. గుంపు మధ్యలోంచి వెంకటరమణమ్మ గొంతు వినిపించింది, సూర్యకాంతం ఏదీ, తిన్నదా, దానికి చేప ముక్క వెయ్యండి అని ఎవరికో చెబుతోంది.

ఇప్పుడు ఎదురుపడితే ఆవిడ నలుగురిలో ఏదో ఒక మంచి మాట అంటుంది. దానికి తను ఏదో ఒకటి చెప్పాలి. అదంతా ఎందుకనిపించింది సూర్యకాంతమ్మకు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, గేటు తోసుకుని రోడ్డెక్కింది. జాలరిపేట వైపు పోయే మద్దిలపాలెం బస్సు అప్పుడే కదులుతోంది. చెయ్యెత్తి, పరుగెత్తి, ఎక్కేసింది.